మద్రాసులో హోటల్ చూసుకునే ముందు: అమ్మణ్ణికి పెదనాన్న లేఖ

తిరుపతి

చి.సౌ. అమ్మణ్ణికి పెదనాన్న ఆశీస్సులు.

దసరా సెలవుల్లో అత్తామామల్నీ పిల్లలిద్దర్నీ తీసుకుని మూడు రోజులు మద్రాసు పోతున్నామనీ, ఫోన్‌లో హోటళ్ల ఫోటోలు చూసి చూసి తల తిరుగుతోందనీ రాశావు. ఫోటోలు పక్కన పెట్టు తల్లీ. మీ అత్తగారి మోకాళ్లు, చిన్నోడి మధ్యాహ్నం నిద్ర, మీరు చూడాల్సిన చోట్లు ముందు కాగితం మీద రాసుకో. ఏ హోటలో వాటిని బట్టే తేలుతుంది.

మన తిరుపతిలో రైలు దిగితే ఎదురుగా విష్ణునివాసం, బస్సు దిగితే ఎదురుగా శ్రీనివాసం. మద్రాసులో ఆ లెక్క కుదరదు. అక్కడ సాయంత్రం పూట ఏడెనిమిది కిలోమీటర్లకే గంట పట్టొచ్చు. మ్యాపులో దూరం చూసి మోసపోకు, మీరు తిరిగే టైము పెట్టి ఎంతసేపు పడుతుందో చూడు. పైగా గుళ్లు మధ్యాహ్నం మూసేస్తే నాలుగింటి దాకా తెరవరు. పొద్దున మైలాపూరు కపాలీశ్వరుణ్ణో ట్రిప్లికేన్ పార్థసారథినో చూసుకున్నాక పెద్దవాళ్లు ఎండలో ఎక్కడ కూర్చుంటారు? రూముకే రావాలి. అందుకే రూము ఊరి నడుమ ఉండాలి. ఊరి చివర ఐదొందలు తక్కువకు దొరికిందని తీసుకుంటే ఆ ఐదొందలూ ఆటోలకే పోతాయి.

నన్నడిగితే ఎగ్మోరు వైపు చూడమంటాను. సెంట్రల్లో రైలు దిగి మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే. ఎగ్మోరులో లోకల్ రైలెక్కి మాంబళంలో దిగితే టీ నగర్, అదే లైన్లో ఇంకా పోతే వండలూరు జూ. జూకు మంగళవారం సెలవు, ఎగ్మోరు మ్యూజియానికి శుక్రవారం, చూసుకుని పెట్టుకోండి. బట్టలు కొనడమే ముఖ్యమైతే టీ నగర్లోనే దిగండి, సంచులు రూములో పడేసి మళ్లీ బజారుకు పోవచ్చు. అయితే దీపావళి ముందు రంగనాథన్ వీధి, ఉస్మాన్ రోడ్డు చుట్టుపక్కల ఆటో కదలదు, కాబట్టి లోపలి సందుల్లో వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ వానలకాలం. హోటల్ ముందు నీళ్లు నిలుస్తాయా అని కూడా అడుగు. ట్రిప్లికేన్‌లో 'మాన్షన్' అని బోర్డున్నవి చవగ్గా వస్తాయి. అవి ఒంటరి మగవాళ్ల కోసం కట్టిన ఇరుకు గదులు, సంసారులకు పనికిరావు.

మీరు ఆరుగురు. నాలుగు మంచాల ఫ్యామిలీ రూం చూసి ఆశపడతావు. ఒకటే బాత్రూం, మనిషికి పావుగంట వేసుకున్నా గంటన్నర. అప్పటికి గుడి దగ్గర క్యూ పెరిగిపోతుంది. ఒకే అంతస్తులో పక్కపక్కన రెండు రూములు తీసుకో. ఎక్‌స్ట్రా బెడ్ అంటే చాలాచోట్ల నేల మీద వేసే పరుపే. మంచమా పరుపా, ఎంత, ఏ వయసు దాకా పిల్లలకు ఉచితం, ఇవన్నీ ముందే అడుగు.

యాప్‌లో ఎంత చూసినా హోటల్‌కు ఒకసారి ఫోన్ చెయ్యాల్సిందే. గూగుల్లో మొదట కనబడిన నెంబరు నమ్మొద్దు. దర్శనం టికెట్ల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు ఎలా పెడతారో మన ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు, హోటళ్ల పేరుతోనూ అంతే. అడ్వాన్స్ మనిషి పేరున్న యూపీఐకి పంపమంటే ఆపెయ్యి. కౌంటర్లో మనిషి దొరికాక "లిఫ్ట్ ఉందా" అని అడిగితే ఉందనే అంటాడు. "వీధిలోంచి లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లు? కరెంటు పోతే జనరేటర్ మీద లిఫ్ట్, ఏసీ రెండూ నడుస్తాయా?" అని అడుగు. పాత కట్టడాల్లో ఐదారు మెట్లెక్కితే గానీ లిఫ్ట్ రాదు. వేడినీళ్లు ఇరవై నాలుగ్గంటలూ వస్తాయా, పొద్దున రెండు మూడు గంటలేనా? వెస్ట్రన్ టాయిలెట్టేనా, గోడకు పట్టుకునే కడ్డీ ఉందా, బకెట్టూ మగ్గూ ఇస్తారా? షవరొక్కటే ఉంటే మీ అత్తగారు కూర్చుని స్నానం చెయ్యలేరు. కింద కళ్యాణమండపం ఉంటే ఆ తేదీల్లో పెళ్లిళ్లున్నాయేమో కనుక్కో. మేళం పక్కన పిల్లలు నిద్రపోరు. ఫోటోల్లో కర్టెన్ వేసి ఉంటే దాని వెనక కిటికీ ఉందో గోడ ఉందో అడగాలి. కిటికీ లేని రూములో ముక్కిన వాసన తప్పదు.

రివ్యూల్లో మరీ పొగిడినవీ మరీ తిట్టినవీ వదిలెయ్యి. మూడు స్టార్లవి, అదీ ఈ రెండు మూడు నెలల్లోవి చదువు. బొద్దింకలు, నల్లులు అన్న మాట రెండుసార్లు కనబడితే ఆ హోటల్ వద్దు.

డబ్బు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 దాకా ఉన్న రూముకు జీఎస్టీ 5 శాతం, దాటితే 18. అంటే 7,500 రూముకు మొత్తం 7,875 అయితే, 7,600 రూముకు 8,968 అవుతుంది. వంద తేడాకు వెయ్యి పైచిలుకు. చెప్పిన రేటు పన్నుతో కలిపా కాదా అని తేల్చుకో. చెక్ఇన్ మధ్యాహ్నం పన్నెండుకైతే, పొద్దున దిగేవాళ్లకు సామాన్లు పెట్టుకోనిస్తారా, ముందే రూమిస్తే ఎంత తీసుకుంటారు? దిగిన గంట నుంచి రోజు లెక్కపెట్టే 24 గంటల పద్ధతి ఉన్న లాడ్జీ దొరికితే ఆ బాధే లేదు. పెద్దవాళ్లందరి ఆధార్ ఒరిజినల్స్ పెట్టుకోండి, పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి ఒప్పుకోరు. జిరాక్సు అడిగితే చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వు.

అక్కడ దిగాక అందరూ కింద కూర్చోండి, నువ్వో అల్లుడో పైకెళ్లి రూము చూడండి. దుప్పటి మూల లేపి పరుపు కుట్టు వెంబడి నల్లటి చుక్కలున్నాయేమో ఫోన్ లైటు వేసి చూడాలి, ఉంటే నల్లులున్నట్టే. ఫ్లష్ నొక్కు, గీజర్ వెయ్యి, ఏసీ పది నిమిషాలు నడిపి నీళ్లు కారుతున్నాయేమో చూడు, లోపలి గొళ్లెం పడుతోందా చూడు. ఏదైనా తేడా ఉంటే సంతకం పెట్టకముందే రూము మార్చమను. పెట్టె విప్పాక అడిగితే కౌంటర్లో మాట నడవదు. రూము కుదిరాక హోటల్ కార్డులు ఆరు అడిగి, పిల్లల జేబుల్లోనూ మీ అత్తగారి సంచిలోనూ తలా ఒకటి పెట్టు. వెనక నీ ఫోన్ నెంబరు రాయడం మర్చిపోవద్దు.

ఇట్లు,
పెదనాన్న