మీ ఊరి పాత స్టేషన్: ముందు 1911ను గుర్తుంచుకోండి

పాకాల, పీలేరు మధ్య మీ ఊరి చివర శిథిలమైన స్టేషన్ ఎప్పుడు కట్టారో, ఎందుకు మూసేశారో చిత్తూరు జిల్లా పాత రికార్డుల్లో దొరకలేదని రాశారు. కట్టిన సంగతి అక్కడ దొరకదు. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. పాకాల నుంచి ధర్మవరం వెళ్లే మీటర్‌గేజ్ దారిని సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ అంతకుముందే, 19వ శతాబ్దం చివర్లో వేసింది. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో చంద్రగిరి వైపు ఊళ్లు ఉత్తర ఆర్కాటు జిల్లాలో, వాయల్పాడు వైపువి కడప జిల్లాలో ఉండేవి. కాబట్టి చెన్నై ఎగ్మూరులోని ప్రాచీన పత్రాల భాండాగారంలో ఆ రెండు జిల్లాల పేర్లతో వెతకండి.

స్టేషన్ ఆవరణలో కంచెకు పాతిన రైలు పట్టాల ముక్కలున్నాయా? తుప్పు గీకి, పక్క భాగాన్ని తడిగుడ్డతో తుడిచి, ఏటవాలు ఎండలో చూడండి. తయారీదారు పేరు, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాల్లో కనిపించవచ్చు. అయితే పాత పట్టాలను ఒకచోటి నుంచి మరోచోటికి తరలించేవారు. ఆ సంవత్సరమే స్టేషన్ పుట్టిన ఏడాది అనుకుంటే పొరపాటు.

మూసివేత సంగతికి గుంతకల్లు రైల్వే డివిజన్‌ను సమాచార హక్కు చట్టం కింద అడగండి, రుసుము 10 రూపాయలే. మీటర్‌గేజ్ దారిని వెడల్పైన బ్రాడ్‌గేజ్‌గా మార్చేటప్పుడు వంపులు సరిచేయడానికి కొన్నిచోట్ల దారిని పక్కకు జరుపుతారు. అలా మీ స్టేషన్ దారికి దూరమైపోయి ఉండవచ్చు. అందుకే పాత, కొత్త దారుల పటాలు రెండూ కోరండి.

ఈలోగా అక్కడ టికెట్ కొన్న పెద్దవాళ్లతో మాట్లాడండి. ఆ పని మాత్రం వాయిదా వేయకండి.