చిన్న ఎమర్జెన్సీ కిట్‌లో ఏముండాలి అని అడిగినవారికి

అడవికో యాత్రకో పోయేటప్పుడు బరువు కాకుండా చిన్న ఎమర్జెన్సీ కిట్ ఎలా సర్దుకోవాలని అడిగారు. మాది అచ్చంపేట వైపు. చైత్ర పౌర్ణమికి నల్లమల అడవి లోయలో ఉన్న సలేశ్వరం శివుడి జాతరకు పోవడం మా ఇంట్లో ఆనవాయితీ. కాబట్టి నేను చెప్పేది నల్లమలకు, మన ఎండలకు పనికొచ్చే మాట.

ముందు ఒక విషయం. కారు డిక్కీలో ఉన్న కిట్ లేనట్టే లెక్క. సలేశ్వరంలో బండ్లు ఆగిన చోటి నుంచి రాళ్ల మీద నడకే, ఆపైన లోయలోకి దిగుడు. అక్కడ ఆదుకునేది నడుముకు కట్టుకున్న సంచి ఒక్కటే. ఆ సంచిలో అన్నిటికంటే పైన ఉండాల్సింది ఓఆర్‌ఎస్ పొట్లాలు, అంటే నీళ్లలో కలిపి తాగే ఉప్పూ గ్లూకోజు పొడి.

ఒక ఏడు దర్శనం చేసుకుని మిట్టమధ్యాహ్నం గుట్ట ఎక్కి వస్తున్నాం. జనం "పోతున్నం పోతున్నం లింగమయ్యా" అనుకుంటూ సాగిపోతున్నారు. దారి పక్కన చెట్టు మొదట్లో ఒక పెద్దాయన కూలబడి ఉన్నాడు. కోడలు కొంగుతో విసురుతోంది. "ఏమైంది తాతా?" అంటే "ఏం గాలే బిడ్డా, జర కండ్లు తిరిగినయ్" అన్నాడు. ఆయన పిక్కలు చూస్తే కండ గడ్డకట్టినట్టు పైకి లేచి కదులుతోంది. పొద్దటి నుంచి ఒక్కపొద్దు, తాగింది మాత్రం వట్టి నీళ్లే. చెమటతో పోయిన ఉప్పు వట్టి నీళ్లు తాగితే తిరిగి రాదు.

మనిషి తెలివిలో ఉన్నాడు, మాట తడబడట్లేదు, గుటక పడుతోంది. ఈ మూడూ చూసుకున్నాకే లీటరు నీళ్లలో పొట్లం మొత్తం కలిపాను. తెలివి తప్పిన మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అప్పుడు ఒళ్లు తడిపి విసురుతూ 108 కోసం చూడాల్సిందే. పెద్దాయన చేతులు వణికి సీసా మూతి పళ్లకు టకటకా తగులుతోంది. గుక్క గుక్కగా తాగించి, తడి తువ్వాల మెడ మీద, చంకల్లో పెట్టాం. కొంచెంసేపటికి పిక్కలు సడలాయి.

ఈలోగా ఎవరో అబ్బాయి మంచి మనసుతోనే ఓఆర్‌ఎస్ అని రాసున్న జ్యూస్ డబ్బా తెచ్చిచ్చాడు. నేను వద్దన్నాను. కోడలికి కోపం వచ్చింది, "ఇస్తుంటే ఎందుకు వద్దంటరు?" అని. ఆ డబ్బాల మీద నాకున్న మంట ఇప్పటికీ చల్లారలేదు. అసలైన పొట్లం 20.5 గ్రాములు, ఉప్పూ గ్లూకోజూ లెక్క ప్రకారం ఉంటాయి, సరిగ్గా లీటరు నీళ్లకు. ఆ తియ్యటి డబ్బాల్లో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. విరేచనాలతో ఉన్న పిల్లలకు తాగిస్తే ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడొద్దని ఆదేశించింది. ఆమెకు మనం ఎంతో రుణపడి ఉన్నాం. పొట్లం దొరక్కపోతే ఇంట్లోనే లీటరు నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి కలుపుకోండి.

ఇక ఆన్‌లైన్‌లో అమ్మే రెడీమేడ్ కిట్లు. గాలం ముల్లు, దిక్సూచి, నిప్పు పుట్టించే కడ్డీ! ఎండాకాలం నల్లమలలో ఆకు రాలి, బోద గడ్డి ఎండి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వకు గుట్టకు గుట్టే తగలబడుతుంది. అడవిలో నిప్పు పెట్టడం నేరం కూడా. అగ్గిపెట్టె ఇంట్లోనే పెట్టి రండి. పాము విషం పీల్చే పంపులకూ డబ్బులు తగలేయకండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఏది కరిచినా మందు ఆసుపత్రిలోని ఇంజెక్షనే. కోయొద్దు, తాడు బిగించొద్దు. కరిచిన కాలు కదలకుండా కర్ర దన్ను పెట్టి గుడ్డతో వదులుగా కట్టి, నడిపించకుండా మోసుకుపోవాలి. అందుకే సంచిలో వెడల్పాటి బ్యాండేజీ ఒకటి పెట్టుకోండి.

చిన్న టార్చి, ముళ్లు తీయడానికి పిన్నీసు, బీపీ షుగర్ ఉన్నవాళ్ల రెండు రోజుల మాత్రలు కూడా ఉండాలి. అడవిలో సిగ్నల్ ఉండదు, ఫోన్ చార్జింగ్ అయిపోతుంది. ఇంటివాళ్ల నంబర్లు కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టండి.

మన దగ్గర ఇంకో అలవాటుంది. సామానంతా ఇంటి పెద్ద దగ్గరే, ఆయనేమో అందరికంటే ముందు నడుస్తాడు. వెనకబడిన ఆడవాళ్ల దగ్గర, పిల్లల దగ్గర ఏమీ ఉండదు. ఆడవాళ్ల సంచిలోనూ ఓఆర్‌ఎస్ పొట్లం పెట్టండి, పిల్లల మెడలో ఈల వేయండి. చెయ్యి విడిపోతే ఉన్నచోటే నిలబడి మూడుసార్లు ఊదాలని చెప్పి, బయల్దేరే ముందు ఇంటి దగ్గరే వాళ్లతో ఊదించి చూడండి.