బీబీఏ చదివే అమ్మాయికి ఉద్దెర ఖాతా ఇవ్వండి

ప్రశ్న: మాకు దిల్‌సుఖ్‌నగర్‌లో స్టేషనరీ షాపు ఉంది. అమ్మాయి బీబీఏ రెండో ఏడాది. డెఫినిషన్లు బట్టీ పట్టడం తప్ప ఏమీ రావట్లేదంటోంది. ఈ చదువులో అసలు ఏం నేర్చుకోవాలి? తర్వాత ఎంబీఏ తప్పదా?

జవాబు: మీ అమ్మాయి ఉన్న మాటే చెప్పిందండీ. నా దగ్గరికి వచ్చే బీబీఏ పిల్లలు మార్కెటింగ్‌లో నాలుగు 'పీ'లు (ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్) గడగడా అప్పజెబుతారు. పది రూపాయల పెన్ను మీద షాపువాడికి ఎంత మిగులుతుందంటే మాత్రం తల గోక్కుంటారు. పరీక్షలో అది అడగరు మరి!

లాభం వేరు, చేతిలో డబ్బు వేరు. ముందు ఇది ఒంటబట్టాలి. జూన్‌లో ఒక స్కూలు మీ దగ్గర లక్ష రూపాయల నోటుబుక్కులు తీసుకుందనుకుందాం. అవి మీకు పడ్డ ధర 80 వేలు, లాభం 20 వేలు. కానీ స్కూలు దసరాకు గానీ డబ్బులివ్వదు. బేగంబజార్ హోల్‌సేల్ వ్యాపారి నెల తిరగగానే ఫోన్ చేస్తాడు. ఆ 80 వేలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మూడు నెలలు తిప్పితే 4,800 వడ్డీకే పోతుంది. మిగిలేది 15,200. బీబీఏ పుస్తకంలో వర్కింగ్ క్యాపిటల్ అని ఉండే పాఠం ఇదే. ఆ లెక్క మీరు ఏటా నోటితోనే కట్టేస్తుంటారు, అమ్మాయికి ఎప్పుడైనా చెప్పారా?

మీ ఉద్దెర ఖాతా ఆమె చేతికివ్వండి, మొహమాటం వద్దు. ఎవరి బాకీ ఎన్ని రోజులుగా ఉందో ఎక్సెల్‌లో ఎక్కించమనండి. పివట్ టేబుల్ (పెద్ద పట్టికను గుంపులుగా కూడి చూపే ఎక్సెల్ పద్ధతి) అప్పుడు దానంతటదే వస్తుంది. తర్వాత బాకీ ఉన్న స్కూలుకు, సంబంధం చెడకుండా, ఇంగ్లిష్‌లో పది లైన్ల మెయిల్ రాయమనండి. కమ్యూనికేషన్ స్కిల్స్ అంటే యాస తిప్పి మాట్లాడటమని చాలామంది అనుకుంటారు, నాకైతే ఆ మెయిలే ముఖ్యం. ట్యాలీ, జీఎస్టీ రిటర్నుల పని మీ అకౌంటెంట్ పక్కన ఒక నెల కూర్చుంటే తెలిసిపోతుంది. కౌంటర్ దగ్గర చిల్లర లెక్కపెట్టించడం మాత్రం ఇందులోకి రాదండోయ్.

ఎంబీఏ వెంటనే అక్కర్లేదు. ఎంబీఏ ప్రవేశ పరీక్షలు ఐసెట్, క్యాట్ రెండూ డిగ్రీ అయ్యాక ఎప్పుడైనా రాయొచ్చు. ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేశాక మార్కెటింగా, ఫైనాన్సా అన్నది ఆమే చెబుతుంది. అప్పటిదాకా ఫీజు డబ్బులు బ్యాంకులోనే ఉండనివ్వండి.