పాఠకుల ప్రశ్నలు: బీరు పొంగి మూత ఉబ్బితే...

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. 6.5 గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్లో 5 గ్యాలన్ల గోధుమ బీరు పులియబెట్టాను. రెండో రోజు తెల్లారేసరికి ఎయిర్‌లాక్ (గ్యాస్‌ను బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని మూతమీది చిన్న గొట్టం) నిండా నురగ, మూత ఉబ్బి ఉంది. బీరు పాడైనట్టేనా? బుడగలు ఆగగానే సీసాల్లో నింపొచ్చా?

జవాబు: పాడవలేదండీ, ఈస్ట్ జోరుమీదుంది. కాకపోతే ఆ మూతను అలా వదలకండి. హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) పిప్పి, ఈస్ట్ జిగురు చేరి ఎయిర్‌లాక్ సన్నదారి మూసుకుపోయింది. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోలేక మూతను తోస్తోంది. మొహం పక్కకు తిప్పుకుని, మూత అంచు ఒకచోట కాస్త లేపి గ్యాస్ వదలండి. ఎయిర్‌లాక్‌నే పీకారో, నురగ పైకప్పుకు చిమ్ముతుంది. గాజు కార్బాయ్ (సన్నమూతి పెద్ద సీసా) అయితే పగిలిపోవచ్చు కూడా.

తర్వాత ఎయిర్‌లాక్ కడిగి, పైమూత, లోపల బోర్లించిన చిన్న గిన్నె తీసేయండి. ఎయిర్‌లాక్ కాడ అడుగున ప్లస్ గుర్తులా ఉండే ప్లాస్టిక్ పుల్లల్ని కోసేయండి, పిప్పి చిక్కుకునేది అక్కడే. మధ్య గొట్టానికి అరంగుళం ట్యూబు తొడిగి, రెండో కొసను జాడీలోని శానిటైజర్ నీళ్లలో ముంచండి. స్టార్ శాన్ అయితే లీటరుకు 1.5 మి.లీ. చాలు. జాడీ సగమే నింపి, బకెట్ కంటే కింద పెట్టండి. బీరు చల్లబడితే ఆ నీళ్లను వెనక్కి పీల్చుకుంటుంది, ఎత్తులో ఉంటే మరీను. నాలుగైదు రోజులకు పొంగు దిగాక మళ్లీ ఎయిర్‌లాక్ పెట్టుకోవచ్చు.

ఇంత పొంగడానికి వేడి ఒక కారణం. గది 22 డిగ్రీలుంటే బకెట్ లోపల 25 దాటుతుంది, బీరుకు ఘాటైన స్పిరిట్ వాసన పడుతుంది. నీళ్ల తొట్టిలో బకెట్ దించి, గడ్డకట్టిన నీళ్ల సీసాలు పొద్దునా సాయంత్రం మారుస్తూ మెల్లగా 18-20కి తెండి. ఒక్కసారిగా చల్లబరిస్తే ఈస్ట్ పనిమానేసి అడుక్కి చేరుతుంది.

అసలు తప్పు కొలతలో ఉంది. దోసెల పిండి గిన్నె అంచుదాకా పోసి వదిలేస్తే తెల్లారి గట్టుమీద ఏముంటుందో తెలిసిందే కదా! గోధుమలోని ప్రొటీన్లు నురగను నిలబెడతాయి, బవేరియా గోధుమ బీరు ఈస్ట్ పైకే ఎగదన్నుతుంది. పాత్రలో మూడోవంతు ఖాళీ ఉండాలి. మీ బకెట్‌కు 4.3 గ్యాలన్లు మించొద్దు. 5 గ్యాలన్లే కావాలంటే నురగను అణిచే సిమెథికోన్ ఉన్న ఫర్మ్‌క్యాప్ మందు గ్యాలన్‌కు 2 చుక్కలు వేయండి.

బుడగల్ని మాత్రం నమ్మకండి. మూత సందులోంచి గ్యాస్ పోతున్నా అవి ఆగిపోతాయి. బీరు సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ మూడు రోజుల తేడాతో ఒకే అంకె, ఉదాహరణకు 1.012, చూపిస్తేనే నింపండి. చక్కెర మిగిలుంటే సీసాలు పేలతాయి.

ప్రశ్న: ఇదే పద్ధతిలో గుంటూరులో చేసుకోవచ్చా?

జవాబు: కుదరదు. అమెరికా ఫెడరల్ చట్టం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంత వాడకానికి ఒప్పుకుంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారు చేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం.