తేదీ తెలిసిన ఖర్చుకు అప్పు ఎందుకు?

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య అనేక ఆశీస్సులతో రాయు ఉత్తరం. ఇక్కడ మేమందరం క్షేమం. మాఘమాసంలో నీ పెళ్లి నిశ్చయమైందని మీ అమ్మ ఫోనులో చెప్పగానే మీ అత్తయ్య దేవుడి దగ్గర దీపం పెట్టింది. అదే ఫోనులో, బరంపురంలో రిసెప్షను ఘనంగా చేయడానికి నువ్వు మూడు లక్షల రూపాయలు పర్సనల్ లోను తీసుకోబోతున్నావని కూడా మీ అమ్మ చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు నిలకడగా లేదు. ఫోనులో చెబితే నువ్వు మర్యాదకు "సరే మామయ్యా" అంటావు, అంతటితో అయిపోతుంది. కాగితం మీద రాస్తే అంకెలు నీ కళ్ళ ఎదుట ఉంటాయి కనుక ఇంత దీర్ఘంగా రాస్తున్నాను.

38 ఏళ్ళు కిరాణా దుకాణం నడిపాను. ఇప్పుడు దుకాణం మా పెద్దవాడు చూసుకుంటున్నా, పాత ఖాతా పుస్తకాలన్నీ నా బీరువాలోనే ఉన్నాయి. ఒక ఇల్లు ఆర్థికంగా దిగజారుతున్న సంగతి ఆ ఇంటివాళ్ళ కంటే ముందు వాళ్ళకు సరుకులిచ్చే కిరాణా వ్యాపారికి తెలుస్తుందని చాలామందికి తెలియదు. మంచి ఉద్యోగంలో ఉన్న ఒకాయన ఏళ్ళ తరబడి ప్రతి నెలా మొదటి వారంలో 25 కిలోల బియ్యం బస్తా, పప్పులు, నూనె ఒకేసారి తీసుకుని రొక్కం ఇచ్చి వెళ్ళేవాడు. ఒక ఏడాది ఆయన పేజీలో మొదట 'సగం బాకీ' అని రాయవలసి వచ్చింది. తరువాత బస్తా పోయి పది కిలోలయింది, పది కాస్తా అయిదయింది. ఆ పైన ఆయన రావడం మానేసి, చీటీ రాసి పిల్లవాడిని పంపేవాడు. చివరికి ఆ పిల్లవాడు కూడా మా వీధిలో నడవకుండా వెనక సందులోంచి బడికి వెళ్ళడం నేను చూశాను. బాకీ ఎగ్గొట్టాలన్న బుద్ధి ఆయనకు లేదు, ముఖం చూపించలేకపోయాడు, అంతే. ఆ పేజీ తీసి చూస్తే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు. కూతురి ఓణీల వేడుకకు వడ్డీకి తెచ్చాడు. ఆ వడ్డీ కట్టడానికి ఇంకొక చోట తెచ్చాడు. ఆ వేడుక ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఆ పిల్ల పుట్టిన నాటి నుంచి ఆయనకు తెలుసు. నా పుస్తకాల్లో చితికిపోయిన ఇళ్ళ పేజీలు తిరగేస్తే ఎక్కువ భాగం ఇటువంటివే. జూన్‌లో బడి ఫీజు, వానలకు ముందు పైకప్పు మరమ్మతు, రథయాత్రకు కొత్త బట్టలు, పెళ్లి, గృహప్రవేశం. ఇవన్నీ ముందుగా తేదీ తెలిసిన ఖర్చులే. తేదీ తెలిసి కూడా దానికోసం నెలనెలా తీసిపెట్టకపోవడం వల్ల, ఆ రోజు వచ్చేసరికి అది హఠాత్తుగా మీద పడ్డట్టు కనిపిస్తుంది, అప్పు తప్పనిసరి అనిపిస్తుంది. నీకు నేను చెప్పదలచుకున్నది ఇదే: తేదీ తెలిసిన ఖర్చుకు ఎన్నడూ అప్పు చేయవద్దు.

దీనికి మీ అత్తయ్య పెట్టుకున్న పద్ధతి చెబుతాను. మన ఇంటికి వచ్చే శుభలేఖల కవర్లను ఆమె పారేయదు. మూలలకు పసుపు రాసిన ఆ కవర్ల మీద 'ఫీజు', 'పైకప్పు', 'పండుగ', 'చదివింపులు' అని పెన్సిలుతో రాసి, దుకాణం కట్టేసి నేను ఇచ్చిన ఇంటి ఖర్చు డబ్బులోంచి ముందుగా వాటిలో వేసి, మిగిలిన దానితోనే ఇల్లు నడిపేది. ఒక కవరులోంచి ఇంకొక కవరుకు బదులు తీసినా వెనకవైపు రాసేది, తిరిగి వేసిన రోజున ఆ అంకె కొట్టేసేది. నాకే ఒకసారి సరుకు కోసం రెండు వేలు కావలసి వస్తే, 'ఫీజు' కవరు మీద నా పేరు రాసి మరీ ఇచ్చింది.

నీ లెక్క నేను వేసి చూశాను. బండి బీమాకు, టైర్లకు ఏడాదికి 4,000. పండుగలకు, బట్టలకు 12,000. ఊరికి రాకపోకలకు 6,000. ఇంటి సామానుకు 8,000. బంధువుల పెళ్లిళ్లలో చదివింపులకు 6,000. మొత్తం 36,000 రూపాయలు, అంటే నెలకు 3,000. జీతం పడిన రోజునే ఈ మూడు వేలు పక్కకు వెళ్ళిపోవాలి. నీ కాలానికి కవర్లు నప్పకపోవచ్చు కనుక వేరే బ్యాంకులో ఇంకొక ఖాతా తెరువు. ఆ ఖాతాను ఫోన్‌పేకు గాని గూగుల్‌పేకు గాని జోడించవద్దు. చేతిలోంచి నోటు వెళ్ళేటప్పుడు కలిగే సంకోచం ఫోను నొక్కేటప్పుడు కలగదు, ఇది నేను దుకాణంలో కూర్చుని రోజూ చూస్తున్నాను. పది రూపాయల బిస్కట్ల కోసం వచ్చినవాళ్ళు నూట యాభై రూపాయల సరుకుతో వెళ్తున్నారు. వ్యాపారిగా నాకది లాభమే అయినా నీకు చెప్పకుండా ఉండలేను.

ఇక నీ లోను సంగతి. మూడు లక్షలు 14 శాతం వడ్డీకి అయిదేళ్ళకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 6,980 రూపాయలు అవుతుంది. అయిదేళ్ళలో నువ్వు కట్టేది 4 లక్షల 18 వేలు దాటుతుంది. నీ జీతం 26,000. అంటే జీతంలో నాలుగో వంతు కంటే ఎక్కువ, ఒక్క సాయంత్రం భోజనాల కోసం, అయిదేళ్ళ పాటు పోతుంది. ఆ లోపల నీకు బిడ్డ పుడతారు, ఆ బిడ్డను బడిలో వేసే రోజు దగ్గరపడుతుంది, అప్పటికీ రిసెప్షను వాయిదా నడుస్తూనే ఉంటుంది. దానికి బదులు, నీ దగ్గర ఉన్న ఎనభై వేలకు ఈ ఆరు నెలల్లో నెలకు ఎనిమిదేసి వేలు కలుపు. 1,28,000 అవుతాయి. పిలుపులు ఆరు వందల నుంచి రెండు వందల యాభైకి తగ్గించు. వంట సరుకులు టోకు ధరకు తెప్పించి వంటవాళ్ళతో సహా బరంపురం పంపించే పూచీ నాది. పిలవనివాళ్ళు ఏమనుకుంటారోనని మీ అమ్మ బెంగపడుతుందని నాకు తెలుసు, ఆమెతో నేను మాట్లాడతాను.

వడ్డీ లెక్క చూడడం కూడా నేర్చుకో. మన వైపు వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెబుతారు కనుక అది చిన్న అంకెలా వినిపిస్తుంది. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. రోజువారీ వాయిదాల అప్పు మరీ ప్రమాదం: పదివేలు అని చెప్పి, వెయ్యి ముందే కోసుకుని తొమ్మిది వేలు చేతికిస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కాని అసలు రోజురోజుకూ తగ్గుతూ ఉన్నా వడ్డీ మొత్తం అసలు మీదే తీసుకున్నారు కనుక ఏడాదికి లెక్క కడితే అది 75 శాతం దాటుతుంది. షోరూముల్లో చెప్పే 'ఫ్లాట్ రేటు' కూడా ఇదే కోవలోది. 80,000 రూపాయల బండికి 12 శాతం ఫ్లాట్ అని రెండేళ్ళకు రాయిస్తే నెలకు 4,133 కడతావు, నిజమైన వడ్డీ 21 శాతం పైనే పడుతుంది. తగ్గే అసలు మీద వడ్డీ ఎంత అని అడిగి, మొత్తం ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకుని, ఇంటికి వచ్చి ఒక రాత్రి పడుకుని లేచాక సంతకం చేయి.

నా తప్పు ఒకటి కూడా నీకు తెలియాలి. తెలిసినవాడే కదా అని, రిజిస్ట్రేషను లేని లక్ష రూపాయల చీటీలో చేరాను. నెలకు అయిదు వేలు, ఇరవై మంది. నాకు అవసరం లేదు కనుక పాట పాడకుండా చివరిదాకా ఉంచుకుంటే లాభమనుకున్నాను. పద్నాలుగో నెలలో చీటీ నడిపే ఆయన ఊరు విడిచి వెళ్ళిపోయాడు. తరుగు పోను సుమారు అరవై వేలు పోయాయి, అడగడానికి నా చేతిలో రసీదు ముక్క కూడా లేదు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం అంత చీటీ నడపడానికి ప్రభుత్వ ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషను రెండూ ఉండాలని ఆ తరువాత తెలుసుకున్నాను. బ్యాంకు డిపాజిట్టుకు ఒక్కొక్క బ్యాంకులో అయిదు లక్షల వరకు బీమా ఉంది. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. వడ్డీ తక్కువని బ్యాంకును విసుక్కునేవాళ్ళకు ఈ తేడా చెప్పు.

తేదీ తెలియని ఖర్చు వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లా మీదుగా వచ్చినప్పుడు దుకాణంలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. చక్కెర బస్తాలు కరిగి ఖాళీ గోనెలు మిగిలాయి, బియ్యం మూడో రోజుకే వాసన కొట్టింది. ఆ రోజు నన్ను నిలబెట్టింది నాలుగు నెలల ఇంటి ఖర్చుకు సరిపడేంత ఫిక్సెడ్ డిపాజిట్టు. ఆ డబ్బును అంతకుముందు రెండు సార్లు, స్థలం మంచి ధరకు వస్తోందని తీయబోయి ఆగాను. నువ్వు ముందు రెండు నెలల ఖర్చుకు చేర్చు, తరువాత నాలుగు నెలలకు పెంచు. దీనితో పాటు బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా రెండూ రాయించు. ఒక్కొక్కటి రెండు లక్షలది.

ఎవరికైనా జామీను సంతకం చేసేముందు, అప్పు తీసుకున్నవాడితో సమానంగా బాకీకి నువ్వూ బాధ్యుడివని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెబుతుందని గుర్తుంచుకో. స్నేహితుడికి సాయం చేయాలనిపిస్తే, పోయినా నీకు నష్టం లేనంత సొమ్ము చేతికిచ్చి ఊరుకో.

పొదుపు అంటే కడుపు మాడ్చుకోవడం అని మాత్రం అనుకోవద్దు. మీ అమ్మ కళ్ళజోడు, మందులు, పాలు, కూరలు, వీటిలో కోత పెట్టే పొదుపు నాకు నచ్చదు. పొదుపు కొనే వేళలో ఉంటుంది. మాఘ ఫాల్గుణాల్లో కొండల నుంచి సవర గిరిజనులు సంతకు తెచ్చే కొత్త చింతపండును ఏడాదికి సరిపడా కొని, గింజ తీసి, ఉప్పు కలిపి జాడీలో పెట్టుకుంటే ఆషాఢంలో కిలోల లెక్కన కొనే అవసరం ఉండదు. పసుపు, ఎండుమిర్చి కూడా అంతే.

కాబోయే కోడలితో ఈ లెక్కలన్నీ పెళ్లికి ముందే మాట్లాడు. జీతం ఎంత, మీ అమ్మకు పంపేది ఎంత, బాకీలు ఏమైనా ఉన్నాయా, ఆ అమ్మాయికి మొదటి రోజు నుంచి తెలిసి ఉండాలి. మీ అత్తయ్యకు నా దుకాణం లెక్క తెలియకపోయి ఉంటే తిత్లీ తరువాత మేమిద్దరం ఒకరినొకరు తప్పు పట్టుకుంటూ కూర్చునేవాళ్ళం.

లోను దరఖాస్తు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వవద్దు, ఇచ్చి ఉంటే సంతకాల దాకా వెళ్ళనివ్వకు. వచ్చే జీతం రోజున రెండో ఖాతా తెరిచి, పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో తీసి మీ అత్తయ్య ఫోనుకు పంపు. పిలుపుల జాబితా రాసి పంపితే సరుకుల లెక్క నేను వేస్తాను.

ఇట్లు,
మీ మామయ్య