బండ మీది బూడిద రంగు పొరని కడిగించాలా, వదిలేయాలా?

మీ లేఅవుట్ పార్కులో పెద్ద బండ ఉంది, దాని మీద చిరిగిన అప్పడాల్లా బూడిద రంగు పొర పట్టింది, అసోసియేషన్ వాళ్లు యాసిడ్ పోసి కడిగిద్దామంటున్నారు, ఇంతకీ అది అరుదైనదా అని అడిగారు. అరుదైనది కాదు. అయినా దయచేసి కడిగించకండి.

అది నాచు కాదు, లైకెన్. ఒక శిలీంధ్రం, దాని లోపల ఆల్గే (ఎండతో ఆహారం తయారుచేసే సూక్ష్మజీవులు), రెండూ కలిసి ఒకే శరీరంలా బతుకుతాయి. మీ వర్ణన చూస్తే పార్మోట్రీమా టింక్టోరమ్ కావచ్చు. బెంగళూరు చుట్టుపక్కల బండల మీదా, చెట్ల బెరడు మీదా కనిపించే రకమే. భూతద్దంతో చూడండి: పైన బొంబాయి రవ్వ కంటే సన్నటి గింజలుంటాయి. అవి విరిగి గాలికో నీటికో కొట్టుకుపోయి వేరే చోట మొలుస్తాయి. అంచు కొంచెం ఎత్తితే అడుగున నలుపు, చివర గోధుమ రంగు పట్టీ. పైన నీళ్లు చిలకరిస్తే బూడిద రంగు పోయి ఆకుపచ్చగా మారుతుంది, ఎందుకంటే తడిసిన పైపొరలోంచి లోపలి ఆల్గే కనిపిస్తుంది.

మదనపల్లి నుంచి వచ్చినప్పుడు మా అమ్మ దీన్ని చూసి, "ఒరే, ఇది మసాలాలో వేసే రాతిపువ్వు కదరా" అంది. దగ్గరి చుట్టమే, కానీ ఊళ్లో బండ మీది దాన్ని వంటలో వేయకండి. లైకెన్‌కు వేళ్లుండవు. నీళ్లూ ధూళీ గాలిలోంచే పీల్చుకుంటుంది, గాలిలోని సీసం లాంటి భార లోహాలు కూడా దానిలోనే పేరుకుంటాయి. బెంగళూరు లాల్‌బాగ్ తోటలోని లైకెన్లలో భార లోహాలను కొలిచిన పరిశోధన 2003లోనే కరెంట్ సైన్స్ అనే పత్రికలో వచ్చింది.

ఇక అసలు ప్రశ్న. ఈ జాతి ప్రపంచంలో వేడి, వెచ్చటి ప్రాంతాలన్నిటా ఉంది: ఆఫ్రికా, అమెరికాలు, ఆస్ట్రేలియా, జపాన్. జపాన్‌లో గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పెరిగిన నగరాల నడిబొడ్డున ఇది కనబడకుండా పోయిందని 1970లలోనే గమనించారు. అంటే మొత్తంగా జాతికి ముప్పు లేకపోయినా, ఒక ఊరి నుంచి పూర్తిగా వెళ్లిపోగలదు. "ఎర్ర జాబితాలో (ముప్పులో ఉన్న జాతుల పట్టికలో) లేదు కదా" అని మీ వాళ్లంటే ఇది చెప్పండి: ప్రపంచంలో సుమారు 20,000 లైకెన్ జాతులుంటే, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ తయారుచేసే ఆ జాబితాకు మొదటగా రెండు ఎక్కింది 2003లో. ఇప్పటికీ ఎక్కువ జాతులకు ఎవరూ లెక్క తీయలేదు. జాబితాలో పేరు లేదంటే క్షేమంగా ఉందని కాదు.

నాకింత పట్టుదల ఎందుకంటే, మా అపార్ట్‌మెంట్‌లో ఒక ఉగాదికి ముందు బండను ప్రెషర్ వాషర్‌తో కడిగించారు. అరగంటలో పని అయిపోయింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గేటు దగ్గర కాలవలో బూడిద రంగు పొరలు తేలుతున్నాయి. చాలా బాధేసింది. వాషర్ అందని ఉత్తరం వైపు మాత్రం మిగిలింది. అక్కడ ప్రతి జనవరిలో రూపాయి బిళ్ల పక్కన పెట్టి ఫొటో తీస్తాను. నాలుగేళ్లలో అంచు రెండు వేళ్ల వెడల్పు కూడా ముందుకు జరగలేదు. మీ బండ మీద చేతివెడల్పు పొర ఉందన్నారు, అది ఎన్నేళ్లదో మీరే ఊహించుకోండి.

జనం జారుతున్నారనే భయమైతే, నడిచే మెట్ల వరకు గట్టి బ్రష్‌తో రుద్దించండి, చాలు. యాసిడ్, బ్లీచింగ్, పెయింట్ మాత్రం వద్దు. మా బండకు ఒకసారి సున్నం వేద్దామన్నప్పుడు నేను కమిటీ మీటింగ్‌కు భూతద్దం తీసుకెళ్లి, చిన్న ముక్క తడిపి అందరికీ చూపించాను. ఆ రంగు మారడం చూశాక సున్నం మాట మళ్లీ రాలేదు.

కడిగిన వైపు మొన్న జూన్ వానల తర్వాత పెసరగింజంత పొర ఒకటి కనిపించింది. మీరు అంచు అడుగు భాగం కనిపించేలా ఒక ఫొటో పెట్టండి, ఇది టింక్టోరమ్ అవునో కాదో ఇంకొంచెం ధైర్యంగా చెబుతాను.