పలమనేరు పొలం హద్దులోని ‘ఎన్‌హెచ్ 4’ ఇప్పుడు ఏ రోడ్డు?

మీ తాతగారి దస్తావేజులో తూర్పు హద్దు ‘ఎన్‌హెచ్ 4’ అని ఉందని, మ్యాప్‌లో వెతికితే అండమాన్ చూపిస్తోందని రాశారు కదా. టెన్షన్ వద్దండి, మ్యాప్ తప్పేం కాదు.

2010లో కేంద్రం జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చింది. ఉత్తర దక్షిణాలుగా పోయేవాటికి సరి సంఖ్యలు, తూర్పు పడమరల వాటికి బేసి. మన బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్లే ఏడో నంబరు 44 అయింది. పాత 4 మాత్రం ముక్కలైపోయింది: బెంగళూరు నుంచి కోలారు మీదుగా ముళబాగిలు దాకా 75, అక్కడి నుంచి పలమనేరు మీదుగా చిత్తూరుకు 69, చిత్తూరు నుంచి రాణిపేటకు 40, ఆపైన చెన్నైకి 48. ఖాళీ అయిన 4ను అండమాన్ ట్రంక్ రోడ్డుకిచ్చారు. ఇంత గందరగోళం ఎందుకో అనిపిస్తుంది, కానీ మన వైపు పెద్దలు ఇప్పటికీ ‘మద్రాసు రోడ్డు’ అనే అంటారు!

పాత దస్తావేజును దిద్దించే పని లేదు. కొత్తగా రాయించేటప్పుడు ‘పాత ఎన్‌హెచ్ 4, ప్రస్తుత ఎన్‌హెచ్ 69’ అని రెండూ రాయించండి. పొలం ఊరిని ఆనుకుని ఉంటే మాత్రం మీ హద్దు పాత రోడ్డా, బైపాసా అన్నది సర్వే నంబరు పట్టుకుని ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖవారి పొలం కొలతల పటం) నకలులో చూసుకోండి.